పదవిని వదిలి మాట నిలుపుకున్న కట్టమంచి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల పిల్లలు నేడు పైచదువుకు మద్రాసు దాకా పోనవసరం లేదు. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వెలసింది. దాని ఇంజనీరింగ్ కళాశాల ప్రొద్దుటూరులో ఉంది. పులివెందులలో జె.ఎన్.టి.యు. వారి ఇంజనీరింగ్ కళాశాల ఉంది. చదువు ఇంటి ముంగిటికి వచ్చింది. కాని ఆ చదువు చెప్పేవారికి ఉన్నమాట చెప్పే స్వేచ్ఛ లేకపోతే భవనాలు ఎన్ని కట్టినా ఫలితం ఉండదు. సర్కారు ఇచ్చిన పీఠంపై కూర్చున్నంత మాత్రాన నోరు కట్టుకోనక్కర లేదని చేతలలో చూపిన రాయలసీమ బిడ్డ డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్.

రామలింగారెడ్డి 1880 డిసెంబర్ 10న చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో జన్మించారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదువుతూ ముసలమ్మ మరణం అనే కావ్యం రాశారు. అనంతపురం వద్ద బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగకుండా ఊరికోసం ప్రాణమిచ్చిన కోడలి కథ అది. మన కడపలో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర వెలుగులోకి తెచ్చిన అనంతపురం చరిత్రలో ఆ కథ ఉంది. రాజుల కథలే కావ్యాలవుతున్న రోజుల్లో రైతు ఇంటి కోడలిని కావ్యనాయికను చేయడం ఆయనకే చెల్లింది.

పిదప ఆయన ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో చదివారు. అక్కడి విద్యార్థుల యూనియన్‌కు ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యారు. తిరిగి వచ్చి మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యుడుగా పనిచేశారు. ఆ సంస్థానం విద్యాశాఖకు అధిపతి అయినప్పుడు, అంటరానివారని దూరంగా ఉంచిన కులాల పిల్లలను అన్ని ప్రభుత్వ పాఠశాలల్లో చేర్చుకోవాలని ఉత్తర్వులిచ్చారు. అగ్రవర్ణాల నుంచి వ్యతిరేకత వచ్చింది.

పండితులతోను ఆయన రాజీపడలేదు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వ విచారము గ్రంథంలో ప్రబంధ కవుల లోపాలను నిర్మొహమాటంగా ఎత్తిచూపారు. నంద్యాల ప్రభువుకు అంకితమైన పింగళి సూరన కళాపూర్ణోదయంలోని కథాకల్పనను మాత్రం మెచ్చుకున్నారు. ఎంత పెద్ద కవి అయినా విమర్శకు అతీతుడు కాడన్నది ఆయన పద్ధతి. పండితలోకంలో అలజడి రేగింది. ప్రతివిమర్శలు వచ్చాయి. వాటివల్ల తెలుగు విమర్శ పెరిగిందే తప్ప తరగలేదు.

రాజకీయాల్లోనూ అంతే. జస్టిస్ పార్టీలో పనిచేసిన ఆయన, ఆ పార్టీ మంత్రివర్గం తీరు నచ్చక 1923లో మద్రాసు శాసనమండలిలో అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టారు. తీర్మానం ఓడిపోయింది.

ఆ కాలంలో కళాశాలలపై దొరల నిఘా గట్టిగా ఉండేది. కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావును వందేమాతరం బ్యాడ్జి ధరించినందుకు 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కళాశాల నుంచి వెళ్లగొట్టారు. హోంరూల్ ఉద్యమం వేళ 1917లో మదనపల్లె కళాశాలకు మద్రాసు విశ్వవిద్యాలయం గుర్తింపు పోయింది. శిక్షలన్నీ విద్యార్థులకు, పంతుళ్లకు పడుతుండేవి. పైస్థానాల్లోని వారు చూసీ చూడనట్లు ఊరుకునేవారు.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడి రామలింగారెడ్డి వైస్ ఛాన్సలర్ అయ్యారు. మొదట బెజవాడలో, తరువాత వాల్తేరులో దాన్ని నిలబెట్టే బాధ్యత ఆయనపై పడింది. ఇంతలో 1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ఊరూరా లాఠీలు లేచాయి, జైళ్లు నిండాయి. ఆయన కాంగ్రెస్ పక్షాన ఆ పీఠమెక్కినవారు కారు. మౌనంగా ఉంటే అడిగేవారు లేరు. అయినా సర్కారు దమననీతికి నిరసనగా రాజీనామా చేశారు. తన చేతులతో నాటిన చెట్టును వదిలి వచ్చేశారు. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ స్థానంలోకి వచ్చారు.

1936లో రామలింగారెడ్డి మళ్లీ వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1942లో విశాఖపై జపాను బాంబులు పడ్డాక విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించి నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమం సాగిన ఆ సంవత్సరమే ఆయనకు సర్ బిరుదు వచ్చింది. 1930లో రాజీనామా చేసిన వ్యక్తి ఆ బిరుదును స్వీకరించడం కొందరికి రుచించకపోవచ్చు. అంతమాత్రాన రాజీనామా విలువ తగ్గదు. 1949 వరకు ఆయన ఆ పదవిలో కొనసాగారు. 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. ఆయన బ్రహ్మచారి. వేలాది విద్యార్థులే ఆయనకు వారసులు.

నాగలి పట్టే రైతుకు ఇదంతా దేనికని అనిపించవచ్చు. వేముల మండలంలోని తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టు పరిసర గ్రామాల రైతులు బోరు నీళ్లు చెడుతున్నాయని ఆందోళన చెందడం, పరీక్షలు కోరడం విదితమే. అటువంటప్పుడు నీటి సీసా విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు చేరుతుంది. అక్కడి అధ్యాపకుడు వచ్చిన ఫలితాన్ని వచ్చినట్లే చెప్పాలి. అది రైతుకు అనుకూలమైనా, సంస్థకు అనుకూలమైనా సరే. బదిలీకో, పైవారి కన్నెర్రకో జంకి ఆయన నీళ్లు నమిలితే ఆ పరీక్షను ఏ పక్షమూ నమ్మదు. నష్టపోయేది ఆ నీళ్లు తాగే పల్లెలే.

విత్తనం మంచిదా, నేల సారమెంత, ఊరి చరిత్ర ఏమిటి అన్నవాటికీ ఇదే వర్తిస్తుంది. పంతులు తప్పు చెబితే తోటి పంతులు ఆధారాలతో ఖండించాలి. అంతేగాని అధికారి నోరు మూయించరాదు. కట్టమంచి వారిలా పదవిని వదులుకోవడం అందరికీ సాధ్యం కాదు. ఉన్నమాట చెప్పిన పంతులు ఉద్యోగం వదులుకునే అవసరమే రాకుండా చూడటం ప్రభుత్వాల విధి. బిడ్డలను కళాశాలకు పంపే ప్రతి తల్లీతండ్రీ అడగవలసిన హక్కు కూడా అదే.