బొమ్మలు గీసిన శాస్త్రవేత్త

బొమ్మలు కూడు పెడతాయా అంటారు కదా, అందుకే నేను కహాల్ గారి గురించి రాస్తున్నాను.

సాంటియాగో రామోన్ ఇ కహాల్ 1852లో స్పెయిన్‌లో జన్మించారు. చిన్నప్పట్నించీ బొమ్మల పిచ్చి. డాక్టరైన తండ్రికి అది గిట్టక మంగలి షాపులో, చెప్పులు కుట్టే చోట పనికి పెట్టారు. తర్వాత ఎముకల బొమ్మలు గీస్తూనే వైద్యంలోకి వచ్చారు.

మైక్రోస్కోపులో నాడీకణాలను చూసి చేత్తో గీశారు. అవి ఒకే వల కాదు, విడివిడి కణాలని చూపారు. 1890లో కోడి పిండంలో, పెరిగే నాడీ తంతువు కొసను వర్ణించారు. ఆ కొస రసాయనాల జాడ పట్టి తన జోడు కణాన్ని చేరుతుందని 1892లో ఊహించారు. అవి కలిసే చోటే సినాప్స్. 1906లో గోల్జీతో కలిసి నోబెల్ బహుమతి పొందారు. 1934లో మరణించారు.

1994లో కోడి పిండాల మెదళ్ళలోనే నెట్రిన్ అనే దారిచూపే అణువులు దొరికాయి. ఆయన ఊహ నిజమైంది!

మిత్రులారా, సైన్సు రికార్డులో బొమ్మని కాపీ కొట్టొద్దు. వస్తువును చూసి గీద్దాం.