పీడన పరిశోధకుడు బ్రిడ్జ్‌మన్

కుమ్మరి ఆవంలో కాలిన కుండలోని మట్టి రేణువులు ఒకదానితో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. పొడిని పూర్తిగా కరగనీయక, వేడితో ఏకఖండంగా మార్చే ఈ ప్రక్రియకు సింటరింగ్ అని పేరు. వజ్రం, సిలికాన్ కార్బైడ్ వంటి కఠిన పదార్థాల పొడులు కేవలం వేడికి సులభంగా లొంగవు. వాటి పరమాణువుల నడుమనున్న బంధాలు అంత దృఢమైనవి. వేడికి పీడనం తోడైతే రేణువుల మధ్య ఖాళీలు పూడుకొని, పొడి ఘనరూపం దాలుస్తుంది. అటువంటి మహాపీడనాలను మానవుని అదుపులోకి తెచ్చిన శాస్త్రజ్ఞుడు పెర్సీ విలియమ్స్ బ్రిడ్జ్‌మన్.

ఆయన 1882 ఏప్రిల్ 21న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ నగరంలో జన్మించాడు. 1900లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1908లో డాక్టరేట్ పొందాడు. 1954లో పదవీ విరమణ చేసేవరకు ఆ విద్యాలయమే ఆయన కార్యక్షేత్రం.

ఆయనకు ముందు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అమగా వాతావరణ పీడనానికి సుమారు 3,000 రెట్లు సాధించాడు. అంతకు మించితే పాత్ర అతుకుల నుండి ద్రవం బయటికి చిమ్మేది. లోపలి పీడనం పెరిగేకొద్దీ మూత మరింత బిగుసుకొనే విధానాన్ని బ్రిడ్జ్‌మన్ రూపొందించాడు. ఏ శక్తి మూతను తోసివేయజూచిందో, ఆ శక్తినే దానికి కాపలాగా నిలిపాడు. క్రమంగా 1,00,000 రెట్లకు, కొన్ని ప్రయోగాలలో 4,00,000 రెట్లకు చేరుకొన్నాడు. 1914లో తెల్ల భాస్వరం ఆయన పరికరంలో నల్ల భాస్వరంగా మారింది. ఈ కృషికి 1946లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

అయినా ఒక కోరిక ఆయనకు తీరలేదు. గ్రాఫైట్‌ను వజ్రంగా మార్చాలని ఎంతో శ్రమించాడు. ఎంత అదిమినా గ్రాఫైట్ మారలేదు. పీడనంతోపాటు తగినంత వేడి, కరిగిన లోహపు తోడ్పాటు కావాలని తరువాత తేలింది. 1954 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పరిశోధకులు కృత్రిమ వజ్రాన్ని సాధించారు. వారి యంత్రాలకు బ్రిడ్జ్‌మన్ వేసిన బాటే ఆధారమైంది.

నేడు వజ్రపు పొడిని కోబాల్ట్‌తో కలిపి, వాతావరణ పీడనానికి 50,000 రెట్లకు పైగా అదిమి, సుమారు 1,400 డిగ్రీల సెల్సియస్ వద్ద సింటరింగ్ చేస్తున్నారు. ఆ పీడనం లేనిచో అంతటి వేడిలో వజ్రం గ్రాఫైట్‌గా మారి తన కాఠిన్యాన్ని కోల్పోతుంది. ఇలా రూపొందిన పలకలు చమురు బావుల తవ్వకంలో కఠిన శిలలను ఛేదిస్తున్నాయి.

బ్రిడ్జ్‌మన్ 1961లో కన్నుమూశాడు. వజ్రం ఆయన చేతికి చిక్కలేదు. వజ్రానికి దారి మాత్రం ఆయన చేతుల మీదుగానే ఏర్పడింది. ఫలం తనకు దక్కకపోయినా, పరిశోధకుని నిష్ఠ తరువాతి తరాలకు పెట్టుబడి అవుతుందనడానికి ఆయన జీవితమే నిదర్శనం.