హెన్రీ పిడింగ్టన్

హెన్రీ పిడింగ్టన్ (1797 - 1858) ఓడ కప్తానుగా జీవితం ప్రారంభించి తుఫానుల పరిశోధకుడిగా పేరుపొందిన ఆంగ్లేయుడు. సైక్లోన్ అనే పదాన్ని సృష్టించినది ఇతడే. ఇతని పరిశోధనలకు ఆంధ్రతీరంలోని కోరంగి రేవుతో దగ్గరి సంబంధం ఉంది.

జీవితం
పిడింగ్టన్ ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించాడు. వర్తక నౌకలలో పనిచేసి, తరువాత కలకత్తాలో స్థిరపడ్డాడు. అక్కడి ఆర్థిక భూగర్భ శాస్త్ర ప్రదర్శనశాలకు క్యురేటరుగానూ, ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే న్యాయస్థానానికి అధ్యక్షుడిగానూ పనిచేశాడు. విలియం రీడ్ 1838లో తుఫానులపై ప్రచురించిన గ్రంథం ఇతనిని ఈ రంగంవైపు మళ్ళించింది.

కోరంగి ఉప్పెనలు
గోదావరి ముఖద్వారం వద్ద ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలు వరుసగా వచ్చి ఊరిని ముంచెత్తాయి. సుమారు 20 వేలమంది మరణించారని చెబుతారు. 1839 నవంబరులో మరో ఉప్పెన ఆ రేవును నాశనం చేసింది. పిడింగ్టన్ ఈ తుఫానును అధ్యయనం చేసి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. ఓడల లాగ్ పుస్తకాలు సేకరించి, గాలి దిశను, భారమితి అంకెలను పోల్చిచూడడం ఇతని పద్ధతి.

సైక్లోన్ పదం
తుఫానులో గాలి ఒక కేంద్రం చుట్టూ సుడి తిరుగుతుంది కనుక, చుట్టచుట్టుకున్న పాము అనే అర్థం గల గ్రీకు పదం నుండి సైక్లోన్ అన్న పేరు కల్పించాడు. 1848లో ప్రచురించిన ద సెయిలర్స్ హార్న్-బుక్ అనే గ్రంథంలో ఈ పదాన్ని వాడాడు. గ్రంథంతోపాటు, గాలి తిరిగే దిశను చూపే పారదర్శకమైన కొమ్ము రేకులు ఇచ్చారు. నావికులు వాటిని సముద్రపటంపై ఉంచి, తుఫాను కేంద్రం ఎటు ఉన్నదో గుర్తించి, దానికి దూరంగా ఓడను మళ్ళించుకోవచ్చు.

ఫలించని హెచ్చరిక
హుగ్లీ నది పూడిపోతుందన్న భయంతో ప్రభుత్వం కలకత్తాకు ఆగ్నేయంగా మాట్లా నదిపై కొత్త రేవు కట్టాలని తలపెట్టింది. అక్కడ ఏనాటికైనా ఉప్పెన వచ్చి రేవును ముంచివేస్తుందని పిడింగ్టన్ 1853లో గవర్నరు జనరల్‌కు బహిరంగ లేఖ రాశాడు. ప్రభుత్వం దానిని లక్ష్యపెట్టలేదు. ఇతడు 1858లో కలకత్తాలో మరణించిన తరువాత పోర్ట్ కానింగ్ పేరుతో రేవు నిర్మాణం పూర్తయింది. 1867 నవంబరులో వచ్చిన తుఫానుకు ఆ రేవు మునిగి దెబ్బతిన్నది. కొన్నేళ్ళకే దానిని విడిచిపెట్టారు.

అనంతర కాలం
1864లో కలకత్తాను తాకిన పెనుతుఫాను తరువాత, 1865లో ఆ రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు చేశారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. పిడింగ్టన్ పెట్టిన పేరు ఆ శాఖ హెచ్చరికలలో నేటికీ వాడుకలో ఉంది.