భూమిని కొలిచిన విలియం లాంబ్టన్

భూమి గుండ్రంగా ఉన్నదని చిన్న తరగతుల్లో చదివి, పరీక్షల్లో వ్రాసి, మార్కులు పొందినవారమే మనమందరం. కాని ఆ సంగతి నీకెట్లు తెలిసినదని ఎవరైనా నిలదీస్తే, పుస్తకంలో ఉన్నదనుట తప్ప వేరొక సమాధానం మనలో ఎందరి వద్ద ఉన్నది? నిరుడు నా తరగతిలో ఒక విద్యార్థి తన ఫోనులోని చిత్రమొకటి చూపి, భూమి బల్లపరుపుగా ఉన్నదని ఇందులో నిరూపించినారు సార్ అన్నాడు. మరొకడు లేచి, పెద్ద బెలూనుకు కెమెరా కట్టి పైకి వదిలితే తేలిపోతుంది కదా అన్నాడు. నేను తెలుగు చెప్పుకొనేవాడిని. ఆనాడు ఇద్దరికీ సరియైన జవాబు చెప్పలేకపోయినాను. ఆ సిగ్గే ఈ వ్యాసానికి కారణం. వెదుకగా తెలిసినదేమనగా, ఆ ప్రశ్నకు జవాబును నేలమీద నిలిచే కొలిచినవాడొకడు రెండు వందల ఏండ్ల క్రితం మన జిల్లా దాపునే గుడారాలు వేసుకొని ఉన్నాడు. ఆయనే విలియం లాంబ్టన్.

లాంబ్టన్ పదునెనిమిదవ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో ఒక సామాన్య కుటుంబంలో జన్మించినాడు. సైన్యంలో చేరి అమెరికాకు వెళ్లి, 1781లో యార్క్‌టౌన్ వద్ద శత్రువులకు బందీగా చిక్కినాడు. విడుదలైన తరువాత చాల సంవత్సరాలు కెనడా ప్రాంతంలో చిన్న ఉద్యోగంలో గడిపి, తీరిక సమయమంతా గణితానికి ధారపోసినాడు. సూర్యగ్రహణాన్ని పరిశీలించుటలో ఒక కంటిచూపు పోగొట్టుకొన్నాడని చెప్పుదురు. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన తరువాతి పని అంతా చేసినాడనుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది.

నలుబది దాటిన వయస్సులో భారతదేశానికి వచ్చినాడు. 1799లో శ్రీరంగపట్టణంపై దండయాత్ర జరుగుచున్నపుడు ఒక రాత్రి జనరల్ బెయిర్డ్ సేన దారి తప్పినది. దక్షిణానికి పోతున్నామని అందరూ అనుకొనుచుండగా, లాంబ్టన్ నక్షత్రాలను చూచి, మనం ఉత్తరంగా టిప్పు సుల్తాను శిబిరం వైపు పోతున్నామని హెచ్చరించినాడు. దిక్సూచి తెచ్చి చూడగా ఆయన మాటే నిజమైనది.

యుద్ధం ముగిసిన వెంటనే దక్షిణ భారతాన్నంతటినీ త్రిభుజాలతో కొలవాలని ప్రభుత్వానికి ప్రతిపాదించినాడు. కుంపిణీకి పన్నులకూ సైన్యాలకూ పటాలు కావలెను. అందులకే అనుమతి లభించినది. లాంబ్టన్ మనస్సులోని అసలు కోరిక వేరు. భూమి సరిగా ఏ ఆకారంలో ఉన్నదో తేల్చుటయే అది. ఇంత ఖర్చు ఎందుకని ఆక్షేపించిన అధికారి ఒకాయన, శ్రీరంగపట్టణం పోదలచినవాడు పల్లకీ మోసే బోయీలతో చెబితే చాలదా అన్నాడట! ఖజానా తాళాలు చేతిలో ఉన్నవారి తర్కం అన్ని కాలాల్లోనూ ఒక్కతీరుగానే ఉండును.

ఇంగ్లాండు నుండి తెప్పించిన థియోడొలైట్ బరువు సుమారు 500 కిలోలు. దానిని తెచ్చుచున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తరలించినారు. అది శాస్త్రకార్యానికి ఉద్దేశించినదని తెలిసి, అక్కడి గవర్నరు దానిని మద్రాసుకు పంపివేసినాడు. 1802 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలుచుట ఆరంభమైనది. నూరడుగుల ఉక్కు గొలుసును పెట్టెలలో పరచి, ఎండకు ఎంత సాగినదో ఉష్ణమాపకంతో లెక్కించుచు, నాలుగువందల సార్లు వేసి కొలిచినారు. ఏబదియేడు దినాలు పట్టినది. అక్కడినుండి త్రిభుజాలు అల్లుకొంటూ బెంగుళూరు చేరి, అచ్చటి ఏడు మైళ్ల ఆధారరేఖను నేలమీద కొలిచి చూస్తే, లెక్కకూ కొలతకూ తేడా నాలుగు అంగుళాలకు లోపే ఉన్నది!

ఇక అసలు విషయం. నేల బల్లపరుపైనదైతే ఏ త్రిభుజంలోనైనా మూడు కోణాల మొత్తం సరిగా 180 డిగ్రీలు కావలెను. కొండకొండకు మధ్య కొలిచిన లాంబ్టన్ త్రిభుజాలలో ఆ మొత్తం 180 కన్న రవ్వంత ఎక్కువ వచ్చినది. త్రిభుజం పెరిగినకొద్దీ ఆ ఎక్కువ కూడ పెరుగును. భుజం 50 కిలోమీటర్లు ఉన్న త్రిభుజంలో అది సుమారు ఐదున్నర సెకన్లు, అనగా డిగ్రీలో ఆరు వందల యేబదవ వంతు. ఉబికిన నేలమీద తప్ప ఇట్లు జరుగదు.

రెండవ సాక్ష్యం ఆకాశానిది. మేస్త్రీ గోడ కట్టేటపుడు వదిలే తూకపు గుండును తలచుకోండి. దక్షిణం నుండి ఉత్తరానికి ప్రయాణించినకొద్దీ ఆ దారం చూపే నడినెత్తి స్థానం నక్షత్రాల మధ్య జరుగుచుండును. ఒక డిగ్రీ జరుగుటకు సుమారు 69 మైళ్లు నడువవలెను. భూమి బల్లపరుపై, నక్షత్రాలు అతిదూరాన ఉన్నచో ఈ మార్పే ఉండదు. దగ్గరగా ఉన్నచో మార్పు ఉండును కాని, సమానమైన మైళ్లకు సమానంగా ఉండదు. లాంబ్టన్ ఇంకొక మెట్టు పైకి పోయినాడు. ఆ 69 మైళ్లు కూడ ఎల్లచోట్ల ఒక్కటి కాదనీ, ఉత్తరానికి పోయినకొద్దీ స్వల్పంగా పెరుగుననీ తన కొలతలతో చూపినాడు. నేటి లెక్కలో డిగ్రీ నిడివి భూమధ్యరేఖ వద్ద 110.57, ధ్రువాల వద్ద 111.69 కిలోమీటర్లు. భూమి ధ్రువాల వద్ద కొంచెం అణగి ఉన్నదనుటకు ఇది నిదర్శనం.

బెలూను మాట మరువలేదు. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి కేంద్రం 1969 నుండి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు బెలూన్లను పంపుచున్నది. 2022 డిసెంబరులో అట్టి బెలూను మోసిన గుండ్రని గది ఒకటి వికారాబాదు జిల్లా పొలంలో దిగగా జనం గుమిగూడినారు. కాని కెమెరా కటకమే గీతను వంచగలదు గనుక, ఫోటోలో వంపు కనబడినంత మాత్రాన వాదం తేలదు. చూడవలసినది దిఙ్మండలం కంటి మట్టానికి ఎంత క్రిందికి దిగినదన్నది. 30 కిలోమీటర్ల ఎత్తున అది సుమారు ఐదున్నర డిగ్రీలు దిగవలెనని మా భౌతికశాస్త్ర అధ్యాపకులు లెక్క కట్టి చూపినారు. ఇదే కొలతను బెలూను లేకుండ, పదకొండవ శతాబ్ది ఆరంభంలో పంజాబులోని నందన కోటవద్ద కొండయెక్కి అల్ బిరూనీ చేసి, భూమి వ్యాసార్ధాన్ని నేటి విలువకు చాల దగ్గరగా రాబట్టినాడు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఆ పేరు కొత్త కాదు.

లాంబ్టన్ జీవితంలో చేదు దినం 1808లో వచ్చినది. తంజావూరు రాజరాజేశ్వరాలయ గోపురంపైకి థియోడొలైట్‌ను లాగుచుండగా తాడు తెగి యంత్రం గోడకు తగిలి దెబ్బతిన్నది. ఆయన ఎవరినీ నిందింపలేదు. గుడారంలో చేరి ఆరు వారాలు ఆ పరికరాన్ని కొద్దికొద్దిగా సరిదిద్ది మరల పనికి తెచ్చినాడు.

1815లో నిజాం రాజ్యంలో బీదరు, నారాయణఖేడ్ ప్రాంతపు దామరగిద్ద వద్ద మరొక ఆధారరేఖ కొలిచినారు. కన్యాకుమారి పరిసరాల నుండి అచటి వరకు దాదాపు పది డిగ్రీల నిడివి గల రేఖ అప్పటికి పూర్తియైనది. ఈ మహారేఖ 78వ రేఖాంశాన్ని అంటిపెట్టుకొని సాగినది. మన పటంలో చూడండి: ఆ రేఖాంశం బోధనుకూ నిజామాబాదుకూ నడుమనే పోవుచున్నది. ఆనాడు ఇచట నిజాంసాగర్ లేదు, చక్కెర కర్మాగారం లేదు, కాలువ క్రింద చెరకు తోటలు లేవు. ఎదుటి కొండ కనబడుటకు అడ్డువచ్చిన అడవిని నరికినవారు, జెండాలు మోసి రోజుల తరబడి కొండలెక్కి నిలిచినవారు మనవంటి పల్లెల జనమే. 1819 వానకాలంలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జ్వరం సోకి, లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్టు చావు తప్పి బయటపడినాడు; ఆయన అనుచరులలో పలువురు మరణించినారు. ఎవరెస్టు పేరు హిమాలయ శిఖరానికి దక్కినది. ఆ మరణించినవారి పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

లాంబ్టన్ కడపటి సంవత్సరాలలో హైదరాబాదునే నివాసంగా చేసుకొన్నాడు. వృద్ధాప్యం మీదపడినా, దుర్భిణి వద్ద నిలిచినంతసేపు పూర్వపు సత్తువ తిరిగి వచ్చేదట. 1823 జనవరిలో నాగపూరుకు తరలిపోవుచు, దారిలో హింగణఘాట్ వద్ద కన్నుమూసినాడు. సమాధి అచటనే ఉన్నది. ఆయన విడిచిన రేఖను ఎవరెస్టు 1841 నాటికి హిమాలయ పాదాల వరకు చేర్చినాడు.

ఈ కథ తరగతిలో చెప్పినపుడు, ఫోను చూపిన విద్యార్థి దామరగిద్దకు ఏ బస్సు ఎక్కవలెనని అడిగినాడు. రాబోవు సెలవుల్లో అందరం కలిసి వెళ్లదలచినాము.