శస్త్రచికిత్సకు అభయమొసగిన లిస్టరు

ఈ కాలమున హృదయస్పందనము మందగించిన వారికి వైద్యులు పేస్‌మేకరు అను చిన్న యంత్రమును మెడయెముక క్రింద చర్మము లోపల అమర్చి, దానినుండి బయలుదేఱు సన్నని తీగను రక్తనాళమార్గమున గుండెలోనికి పంపుచున్నారు. గుండె తన పని మఱచినప్పుడెల్ల ఆ యంత్రము స్వల్పమైన విద్యుత్ప్రేరణచే దానికి జ్ఞాపకము చేయును. పెక్కుమంది రోగులు ఒకటి రెండు దినములలోనే ఇంటికి మరలుచున్నారు. యంత్రమును నిర్మించిన వారి ప్రజ్ఞను మనమందఱము మెచ్చుకొందుము. కాని దేహమును కోసి, లోహపు వస్తువును లోపలనుంచి, పైన కుట్టివేసినను రోగి సుఖముగా నుండుట ఎట్లు సాధ్యమయ్యెనని ఆలోచించువారు కొలదిమంది. ఆ యభయమును లోకమునకు సంపాదించి పెట్టిన జోసెఫ్ లిస్టరు జీవితమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపనెంచితిమి.

లిస్టరు 1827వ సంవత్సరము ఏప్రిలు 5వ తేదీన ఇంగ్లాండులోని ఎసెక్సు మండలమున, అప్టను గ్రామములో జన్మించెను. తండ్రి ద్రాక్షసారా వర్తకుడు. అయినను ఆయన తీరిక వేళలలో సూక్ష్మదర్శని కటకములను మెఱుగుపఱచి, ఆ కృషిచేతనే రాయల్ సొసైటీ సభ్యత్వమును పొందెను. కంటికి కానరాని వస్తువులు కూడ సత్యములే యని బాలుడు ఇంటిలోనే నేర్చుకొనెను. ఆ కుటుంబము క్వేకర్లను క్రైస్తవశాఖకు చెందినది. ఆడంబరములేని వేషము, సత్యభాషణము, శాంతి వారికి ముఖ్యధర్మములు. ఆ దినములలో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయముల పట్టములు ఆంగ్ల క్రైస్తవ మతసంఘమునకు చేరనివారికి దొరకకుండెను. అందుచే లిస్టరు లండనులోని యూనివర్సిటీ కాలేజీలో చేరి, 1852లో వైద్యపట్టమును పొందెను. మఱుసటి యేట ఎడింబరో నగరమునకు పోయి, ప్రసిద్ధ శస్త్రవైద్యుడగు జేమ్స్ సైమునొద్ద పనిచేసెను. 1856లో ఆయన కుమార్తె యాగ్నెసును వివాహమాడెను. అందుకై క్వేకరు సంఘమును విడిచి స్కాట్లండు ఎపిస్కోపల్ సంఘమున చేరవలసివచ్చెను. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. ఆమె భర్త పరిశోధనలను స్వహస్తముతో వ్రాసిపెట్టుచు జీవితాంతము ఆయనకు సహాయురాలై యుండెను.

1860లో లిస్టరు గ్లాస్గో విశ్వవిద్యాలయమున శస్త్రవిద్యాచార్యుడయ్యెను. మఱుసటి సంవత్సరము అచ్చటి రాయల్ ఇన్‌ఫర్మరీ అను వైద్యశాలలో వార్డులు ఆయన యధీనమయ్యెను. అప్పటి వైద్యశాలల స్థితిని నేటి బాలురు ఊహింపజాలరు. 1846 నుండి ఈథరు మత్తుమందు వాడుకలోనికి వచ్చుటచే కోతబాధ తొలగెను గాని చావు తొలగలేదు. నొప్పి లేకుండుటవలన శస్త్రచికిత్సలు హెచ్చెను. వాని తరువాత చీముపట్టి మరణించువారును హెచ్చిరి. శస్త్రవైద్యులు రక్తపు మరకలతో బిఱుసెక్కిన పాత కోటులనే తొడుగుకొని ఒక రోగినుండి మఱియొక రోగికడకు పోవుచుండిరి. గాయము చీముపట్టుట స్వభావసిద్ధమనియు, చెడుగాలియే దానికి కారణమనియు పెద్దలు బోధించుచుండిరి.

లిస్టరునకు ఒక విషయము మాత్రము విడువక మనసున మెదలుచుండెను. ఎముక విఱిగినను చర్మము చెక్కుచెదరనిచో రోగి నిరపాయముగా కోలుకొనును. అదే యెముక చర్మమును చీల్చుకొని వెలికి వచ్చెనా, కాలు కుళ్లును. తఱచు ప్రాణమే పోవును. ఈ భేదమునకు హేతువేమి? 1865లో రసాయనశాస్త్రాచార్యుడగు థామస్ ఆండర్సను, ఫ్రెంచి విద్వాంసుడగు పాశ్చరు వ్రాతలను ఆయనకు చూపెను. పులియుటకును కుళ్లుటకును గాలిలోని సూక్ష్మజీవులు కారణమని పాశ్చరు నిరూపించియుండెను. గాయము కుళ్లుటయు అట్టిదేయని లిస్టరు గ్రహించెను. కాని రోగి కాలును ద్రవమువలె కాచుటకు గాని, వడియగట్టుటకు గాని వీలులేదు. రసాయనముతోనే ఆ జీవులను చంపవలెను. కార్లైలు పట్టణమున మురుగునీటి దుర్గంధమును పోగొట్టుటకు కార్బాలిక్ ఆమ్లమును వాడుచున్నారనియు, ఆ నీరు పాఱిన పొలములలో మేసిన పశువులకు రోగములు తగ్గెననియు ఆయన వినియుండెను. దానినే తెప్పించెను.

మొదటి యత్నము విఫలమయ్యెను. పిమ్మట 1865 ఆగష్టు 12వ తేదీన పదునొకండేండ్ల బాలుడొకడు బండిచక్రము కాలిమీదుగా పోగా, ఎముక విఱిగి గాయముతో వైద్యశాలకు తేబడెను. కాలు తీసివేయుట ఆనాటి యాచారము. లిస్టరు గాయమును కార్బాలిక్ ఆమ్లములో తడిపిన గుడ్డతో కప్పి, పైన తగరపు రేకునుంచి, బద్దలు కట్టించెను. నాల్గవ నాడు కట్టు విప్పిచూడగా చీముజాడ లేదు. ఆఱు వారములలో ఎముక అతుకుకొనెను. ఆ బాలుడు రెండు కాళ్లతో ఇంటికి నడచిపోయెను. ఇట్టి రోగులు పదునొకండుగురి వృత్తాంతమును ఆయన 1867లో లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించెను. వారిలో ఒకరు మరణించిరనియు, ఒకరు కాలు పోగొట్టుకొనిరనియు దాచక వ్రాసెను. తక్కిన తొమ్మండుగురు కోలుకొనిరి.

ఈ దాచమియే లిస్టరు గొప్పతనమునకు మూలమని మా యభిప్రాయము. 1870లో ఆయన తన వార్డులలో జరిగిన అవయవచ్ఛేదముల లెక్కను బయలుపెట్టెను. క్రొత్త పద్ధతికి ముందు, 1864, 1866 సంవత్సరములలో 35 మందికి చేయగా 16గురు చనిపోయిరి. క్రొత్త పద్ధతి ననుసరించిన 1867 మొదలు 1869 వఱకు 40 మందికి చేయగా 6గురు మాత్రమే చనిపోయిరి. అనగా ఇంచుమించు ఇద్దఱిలో ఒకరు పోవుచోట, ఏడుగురిలో ఒకరు పోయిరి. ఇంతటి జయమును పొందియు, ఈ సంఖ్యలు సంపూర్ణమైన తులనకు చాలినంత పెద్దవి కావని ఆయనయే ముందుగా హెచ్చరించెను. తన వార్డుల ప్రక్కనే కొద్ది యడుగుల దూరమున 1849 నాటి కలరా మృతుల పేటికలు పాతిపెట్టబడియున్న సంగతిని గూడ ఆ వ్యాసముననే వెల్లడించెను. వైద్యశాల యధికారులకు ఇది రుచింపలేదు. రోగి క్షేమము పెద్దల ప్రతిష్ఠకంటె గొప్పదని ఆయన యెంచెను.

ఎదిరించినవారు పలువురు. క్లోరోఫారమును ప్రవేశపెట్టిన సర్ జేమ్స్ సింప్సను మొదలగు ప్రసిద్ధులే ఆయనను విమర్శించిరి. కంటికి కానరాని జీవులను నమ్మనేలయని పరిహసించినవారును గలరు. లిస్టరు కోపింపక పనిచేయుచుండెను. పూర్వము రక్తనాళమును కట్టిన దారపు కొసలను గాయమునుండి వెలికి వ్రేలాడ విడుచుచుండిరి. అది కుళ్లి ఊడివచ్చువఱకు రోగికి ప్రాణగండము తప్పదు. లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో శుద్ధిచేసిన జంతువుల ప్రేగునారితో నాళమును కట్టి, కొసలను కత్తిరించి, గాయమును మూసివేసెను. ఆ నారి క్రమముగా దేహములో లీనమయ్యెను. శుద్ధమైనచో పరవస్తువు సైతము దేహములో నిరపాయముగా నుండగలదని దీనివలన తేలెను.

1869లో ఎడింబరోకును, 1877లో లండను కింగ్స్ కాలేజీకిని ఆయన ఆచార్యుడుగా పోయెను. లండనులో చేరిన యక్టోబరునందే విఱిగిన మోకాలిచిప్పను తెఱచి, వెండితీగతో కలిపి కట్టెను. ఆరోగ్యముగానున్న కీలును బుద్ధిపూర్వకముగా తెఱచుట ఆనాడు హత్యాప్రయత్నముతో సమానము. రోగి చనిపోయినచో ఈ వైద్యునిపై వ్యాజ్యెము వేయవలెనని అనినవారును గలరు. రోగి చనిపోలేదు, కాలు స్వాధీనమయ్యెను. జర్మనీలో హాలె నగరమున ఫోల్క్‌మన్, మ్యూనికు నగరమున నుస్‌బౌమ్ అంతకుముందే ఈ పద్ధతి నవలంబించి తమ వైద్యశాలలను మృత్యుముఖమునుండి తప్పించిరి. స్వదేశము ఆలస్యముగా అంగీకరించెను.

ఆయన శీలమును తెలుపు మఱియొక సంగతి కలదు. గాలిలోని సూక్ష్మజీవులను చంపుటకై శస్త్రచికిత్సా సమయమున కార్బాలిక్ తుంపరలు చల్లు యంత్రమును లిస్టరు కొంతకాలము వాడెను. అది వైద్యుల చేతులను, కన్నులను మండించెడిది. హాని గాలినుండికంటె చేతులనుండియు, పనిముట్లనుండియు ఎక్కువగా వచ్చునని తెలిసినంతనే దానిని మానివేసి, 1890లో బెర్లిను మహాసభయెదుట దానిని గూర్చి తన పశ్చాత్తాపమును బహిరంగముగా వెల్లడించెను. తరువాతి తరమువారు ఆవిరితో పనిముట్లను శుద్ధిచేయు మార్గమును త్రొక్కిరి. మార్గము మాఱినను మూలసూత్రము మాఱలేదు.

గౌరవములు ఆయనను వెదకికొని వచ్చెను. 1871లో విక్టోరియా రాణికి శస్త్రచికిత్స చేసెను. 1895 మొదలు 1900 వఱకు రాయల్ సొసైటీ అధ్యక్షుడుగా నుండెను. 1897లో ప్రభు పదవి లభించెను. అంతకు ముందే, 1893లో, భార్య ఇటలీ దేశమున మరణించుటచే ఆయన మనస్సు క్రుంగిపోయెను. 1912 ఫిబ్రవరి 10వ తేదీన కెంటు మండలములోని వామరు గ్రామమున ఆయన పరమపదించెను.

లిస్టరు గతించిన 46 సంవత్సరములకు, 1958 అక్టోబరు 8వ తేదీన, స్వీడను దేశపు కరోలిన్స్కా వైద్యశాలలో శస్త్రవైద్యుడు సెన్నింగు, ఇంజనీరు ఎల్మ్‌క్విస్టు నిర్మించిన పేస్‌మేకరును ఆర్నె లార్సను అను రోగి దేహములో సంపూర్ణముగా అమర్చెను. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలే పనిచేసెను. అయినను లార్సను పలుమార్లు యంత్రములను మార్పించుకొనుచు 2001 వఱకు, 86 ఏండ్ల వయసు వచ్చువఱకు జీవించెను. ఒక్క జీవితములో అన్నిసార్లు దేహమును తెఱచి మూయుట లిస్టరునకు పూర్వము తలంపనైనను శక్యము కాదు.

నేటికిని ఈ చికిత్సలో వైద్యులు వెఱచు ఉపద్రవములలో చీము ముఖ్యమైనది. యంత్రమునకు సూక్ష్మజీవులు పట్టినచో మందులు మాత్రమే చాలవు. సాధారణముగా యంత్రమును, తీగను గూడ తీసివేయవలసివచ్చును. అందుచేతనే కోతకు ముందే సూక్ష్మజీవనాశకమగు మందు నిత్తురు, చర్మమును శుద్ధిచేయుదురు, పిమ్మట రోగుల క్షేమమును ఏండ్లతరబడి లెక్కించి ప్రకటింతురు. చేతులు కడుగుకొనుటయు, చనిపోయినవారిని దాచక లెక్కించుటయు నను రెండు పనులను వారు లిస్టరు వార్డులనుండియు నేర్చుకొనిరి.

బాలబాలికలారా! చేతులు కడుగుకొనుట అల్పకార్యమని తలంపకుడు. మీలో వైద్యులును దాదులును కాగోరువారు తమ జయములతోపాటు అపజయములను గూడ సత్యముగా వ్రాసియుంచు నలవాటును ఇప్పటినుండియే చేసికొనవలెను. రోగికి అభయము అట్టి పుస్తకమునుండియే పుట్టును.