ఛార్లెస్ ఈస్ట్‌మన్

ఛార్లెస్ అలెగ్జాండర్ ఈస్ట్‌మన్ (ఫిబ్రవరి 19, 1858 - జనవరి 8, 1939) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ వైద్యుడు, రచయిత. శాంటీ డకోటా అనే ఆదివాసి తెగకు చెందినవాడు. డకోటా భాషలో ఈయన పేరు ఒహియెసా. ఆ పేరుకు విజేత అని అర్థం. తన వారి వద్ద నేర్చుకున్న అడవి విద్యను ఈయన అమెరికా బాలబాలికలకు బోధించాడు.

బాల్యం

ఈయన మిన్నెసోటాలోని రెడ్‌వుడ్ ఫాల్స్ సమీపంలో జన్మించాడు. పుట్టిన కొద్దికాలానికే తల్లి మరణించగా నాయనమ్మ పెంచింది. 1862లో డకోటాలకు, అమెరికా ప్రభుత్వానికి మధ్య యుద్ధం జరిగింది. ఆ డిసెంబరులో 38 మంది డకోటాలను ఉరితీశారు. తండ్రి కూడా మరణించాడని నమ్మిన కుటుంబం కెనడాకు తరలిపోయింది.

అడవిలో విద్యాభ్యాసం

కెనడాలో అడవే ఈయనకు పాఠశాల. నాయనమ్మ, తండ్రి సోదరుడు గురువులు. ఉదయం బయలుదేరేటప్పుడు కనిపించిన ప్రతిదానిని నిశితంగా గమనించమని తండ్రి సోదరుడు చెప్పేవాడు. సాయంకాలం తిరిగిరాగానే పక్షులను గురించి, చెట్ల బెరడును గురించి ప్రశ్నించేవాడు. అన్నిటికీ వెంటనే సరైన సమాధానం రావాలని పట్టుబట్టేవాడు కాదు. పరిశీలన అలవడటమే ఆయన ఉద్దేశం. భయం పోవటానికి, చీకటిపడిన తరువాత కొత్తచోట నీళ్ళు తెమ్మని పంపేవాడు.

వైద్యవృత్తి

ఉరిశిక్ష తప్పి, కారాగారవాసం ముగించి, క్రైస్తవం స్వీకరించిన తండ్రి 1873లో తిరిగివచ్చి 15 ఏళ్ళ కుమారుని ఆంగ్ల విద్యకు మళ్ళించాడు. ఈస్ట్‌మన్ 1887లో డార్ట్‌మత్ కళాశాలలో పట్టభద్రుడై, 1890లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందాడు. ఆ సంవత్సరమే పైన్ రిడ్జ్‌లో ప్రభుత్వ వైద్యునిగా చేరాడు. డిసెంబరు 29న వూండెడ్ నీ వద్ద సైనికులు జరిపిన మారణకాండలో గాయపడినవారికి చికిత్స చేశాడు. 1891లో ఉపాధ్యాయిని, రచయిత్రి ఎలేన్ గూడేల్‌ను వివాహమాడాడు. వీరికి ఆరుగురు సంతానం.

శిక్షకునిగా

1902లో తన బాల్యస్మృతులను 'ఇండియన్ బాయ్‌హుడ్' పేరుతో ప్రచురించాడు. 1910లో అమెరికా బాయ్ స్కౌట్ సంస్థ ఏర్పడినప్పుడు దానికి తోడ్పడ్డాడు. 1914లో స్కౌట్ బాలుర కోసం, క్యాంప్‌ఫైర్ బాలికల కోసం 'ఇండియన్ స్కౌట్ టాక్స్' వ్రాశాడు. జంతువుల అడుగుజాడలు గుర్తించటం, అగ్గిపుల్ల లేకుండా నిప్పు చేయటం, పాత్రలు లేకుండా వండటం, గుడారాలు వేయటం అందులోని విషయాలు. ఆ కాలంలోనే ప్రభుత్వం ఆదివాసి పిల్లలను వసతి పాఠశాలలకు తరలించి, వారి భాషను, జీవనవిధానాన్ని మాన్పించేది. వారికి దూరమవుతున్న విద్యనే ఈస్ట్‌మన్ శ్వేతజాతి పిల్లలకు నేర్పవలసివచ్చింది.

1915లో కుటుంబంతో కలిసి న్యూ హాంప్‌షైర్‌లోని గ్రానైట్ సరస్సు వద్ద బాలికలకు వేసవి శిబిరం ప్రారంభించాడు. 1918లో కుమార్తె ఐరీన్ ఇన్‌ఫ్లుయెంజాతో మరణించింది. 1921లో దంపతులు విడిపోయారు.

చివరి రోజులు

తరువాతి కాలంలో కెనడాలో హ్యూరాన్ సరస్సు తీరాన ఒక కుటీరం నిర్మించుకొని అడవి జీవితానికి మరల దగ్గరయ్యాడు. 1939లో డెట్రాయిట్‌లో మరణించాడు. 'ఇండియన్ స్కౌట్ టాక్స్' 1974లో పునర్ముద్రణ పొందింది.