బొమ్మకు మాట తోడు చేసిన రఘుపతి వెంకయ్య నాయుడు

ఇంజనీరింగ్ అనగానే పూండి పరిసరాల బాలబాలికల మనసులో మెదిలేది సత్యమూర్తి సాగరం. కుశస్థలి నదిపై 1944లో పూర్తయిన ఆ జలాశయం చెన్నై నగరపు దాహం తీరుస్తున్నది. అయితే యంత్రవిజ్ఞానం మానవుని అవసరాలను తీర్చడంతోనే ఆగలేదు. అతని తీరిక వేళలకు ఆనందాన్ని కూడా ప్రసాదించింది. ఆ ఆనందాన్ని అదే నగరం నుండి దక్షిణ భారత ప్రజలకు పంచిపెట్టిన తెలుగువారు రఘుపతి వెంకయ్య నాయుడు గారు.

ఆయన 1869 అక్టోబరు 15న మచిలీపట్నంలో జన్మించారు. సంఘసంస్కర్తగా, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా కీర్తి గడించిన సర్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు ఆయనకు అగ్రజులు. అన్నగారు విద్యామార్గాన్ని అనుసరించగా, తమ్ముని మనసు చిత్రకళపై నిలిచింది. యౌవనారంభంలోనే మద్రాసు చేరి, చిత్రలేఖనంతో మొదలుపెట్టి, క్రమంగా మౌంటు రోడ్డులో ఫోటో స్టూడియో నెలకొల్పారు. వ్యాపారం చక్కగా సాగింది. సుఖంగా జీవించడానికి అది చాలును. కాని కదలని బొమ్మతో ఆయనకు తృప్తి కలుగలేదు.

ఆ రోజులలో తెరపై బొమ్మలు కదిలేవే గాని పలికేవి కావు. ఫ్రాన్సు దేశపు గోమాంట్ సంస్థ ఈ లోపాన్ని సవరించడానికి క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని రూపొందించింది. దాని ఏర్పాటు వినడానికి సులభం, ఆచరణలో కఠినం. బొమ్మను చూపే ప్రొజెక్టరు ఒకచోట, పాటను వినిపించే గ్రామఫోను మరొకచోట ఉంటాయి. రెండింటినీ విద్యుత్తుతో అనుసంధించి ఒకే వేగంతో నడపాలి. పెదవి కదిలిన కొంతసేపటికి మాట వినిపిస్తే ప్రేక్షకులు నవ్విపోతారు. విద్యుత్ పరికరాలతో ధ్వనిని పెంచే పద్ధతి ఇంకా వాడుకలోకి రాని ఆ కాలంలో, శబ్దం సభామందిరమంతా వినిపించడానికి పీడనంతో కూడిన గాలిని ఉపయోగించేవారు. గ్రామఫోను పలక కొద్ది నిమిషాలే పాడగలదు గనుక చిత్రాలు కూడా చిన్నవిగానే ఉండేవి.

సుమారు 30,000 రూపాయల విలువైన ఆ యంత్రాన్ని 1910 ప్రాంతంలో వెంకయ్య గారు కొనుగోలు చేశారు. ఆనాటికి అది అపారమైన ధనం. అందుకోసం జీవనాధారమైన స్టూడియోనే తాకట్టు పెట్టారు. మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలు ప్రారంభించి, పిమ్మట డేరాలతో ఊరూరా తిరిగారు. సింహళం, బర్మా దేశాలకు సైతం ఆ యంత్రాన్ని తీసుకొని వెళ్ళారు.

యాత్రలు ముగిశాక మద్రాసులో గెయిటీ థియేటరును నిర్మించారు. నగరంలో భారతీయుడు కట్టించిన తొలి సినిమా థియేటరుగా దానికి పేరు. క్రౌన్, గ్లోబ్ థియేటర్లు తరువాత వచ్చాయి. ఇతరుల చిత్రాలను చూపడం చాలదని తలచి, కుమారుడు ప్రకాశ్‌ను చిత్రనిర్మాణం అభ్యసించడానికి విదేశాలకు పంపారు. తిరిగివచ్చిన ప్రకాశ్ దర్శకత్వంలో 1921లో భీష్మప్రతిజ్ఞ మూకీ చిత్రం వెలువడింది. తెలుగువారు నిర్మించిన తొలి కథాచిత్రం అదే.

కాలం ఎల్లప్పుడూ అనుకూలించదు. ఋణభారం పెరిగి, కష్టించి కట్టిన థియేటర్లు చేజారాయి. 1932లో భక్త ప్రహ్లాదతో తెలుగు చిత్రం నోరు విప్పేనాటికి, పలికే బొమ్మను రెండు దశాబ్దాల ముందే ప్రజలకు చూపిన ఆ మహనీయునికి సంపద మిగలలేదు. 1941 మార్చి 15న మద్రాసులో పరమపదించారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980లో ఆయన పేరిట పురస్కారాన్ని నెలకొల్పి గౌరవించింది.

వెంకయ్య గారు ఇంజనీరింగ్ పట్టభద్రులు కారు. యంత్రాన్ని కనిపెట్టినవారూ కారు. ఎక్కడో పుట్టిన యంత్రాన్ని అర్థం చేసుకొని, నష్టానికి వెరవక, సామాన్యుని ముంగిటికి తెచ్చారు. కనిపెట్టినవాని ప్రతిభ ఎంత గొప్పదో, దానిని పదిమందికీ చేర్చినవాని సాహసమూ అంత గొప్పదే. నేడు అరచేతిలో చిత్రాలు చూచి ఆనందించే విద్యార్థులు, ఆ ఆనందానికి తొలినాళ్ళలో మూల్యం చెల్లించిన ఈ తెలుగు తేజాన్ని స్మరించడం కనీస ధర్మం.